మూడో పాదం దగ్గర విరామం

రెండు వందల పన్నెండేళ్ల కిందట పుట్టి, నేను పుట్టడానికి తొంభై ఏళ్ల ముందే చనిపోయిన మనిషి నన్ను మోసం చేయగలదా?

గురువారం ఉదయం నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మోసానికి ముందు ఒక మాట ఉండాలి. ఇచ్చిన మాట లేనిచోట తప్పిన మాట ఉండదు. ముప్పై మూడేళ్లు నంద్యాలలో తత్వశాస్త్రం బోధించినవాణ్ని, ఈపాటి తర్కం నాకు తెలుసు. ఇసబెల్లా థార్న్ నాకు ఏ మాటా ఇవ్వలేదు. అయినా ఆ ఉదయం కంప్యూటరు ముందు కూర్చున్న నాకు చేతులు చల్లబడ్డాయి. నేను తర్కాన్ని నమ్మాలా, చేతులనా?

ఆమె ఎవరో ముందు చెప్పాలి.

ఇసబెల్లా లండనులో పుట్టింది. పంతొమ్మిదో ఏట వేదికలెక్కి పాడింది. పాడిన పాటల్లో సగం ఆమె కట్టుకున్నవే. వాటిని అచ్చువేసిన వ్యాపారి అట్టమీద "ఒక స్త్రీ రచన" అని మాత్రం వేశాడు. బాగా అమ్ముడుపోయిన మూడు పాటల మీద ఆ మాట కూడా లేదు, ఆమెకు పియానో వాయించిన మగవాడి పేరు ఉంది. "నా గొంతు నాదే అని ఒప్పుకునేవారు, నా పాట నాది అంటే నవ్వుతారు" అని ఆమె తన చెల్లెలికి రాసింది. ఇరవై ఎనిమిదో ఏట ఒక మిషనరీని పెళ్లాడి ఓడెక్కింది. 1841లో ఈ ప్రాంతానికి వచ్చి తొమ్మిదేళ్లు ఉంది. మా పెద్దలు ఆమెను ఇసబెల్లమ్మ దొరసాని అనేవారు. ఆమె రాగం కట్టిన కీర్తన ఒకటి మా చర్చిలో నేటికీ పాడుతున్నాం. పెళ్లిలో పాడతాం, సమాధి దగ్గర పాడతాం.

పదవీ విరమణ తరువాత ఆరేళ్లు నేను ఆమె జీవితం వెంట నడిచాను. ఉత్తరాలు సంపాదించాను, పాటల పాత ప్రతులు తెప్పించుకున్నాను. తొంభై ఆరు పేజీల పుస్తకం రాశాను. ఆమెను ఎందుకు అంత ప్రేమించానని అడిగితే నా దగ్గర ఒకటే జవాబు: ఆమెకు అన్యాయం జరిగింది, ఆ అన్యాయాన్ని ఆమె మరిచిపోలేదు. 1848లో మా కీర్తన రాగం లండనులో అచ్చయినప్పుడు దానిమీద మొదటిసారి ఆమె పూర్తి పేరు పడింది. ఆ అధ్యాయానికి నేను పెట్టిన పేరు "న్యాయం".

ఆ రాగంలో ఒక వింత ఉంది. మూడో పాదం మధ్యలో, మాట పూర్తికాకముందే, రాగం ఒక్క క్షణం ఆగుతుంది. తరువాత ఏమీ జరగనట్టు సాగుతుంది. సంగీతం నేర్చుకున్నవారెవరూ అలాంటి చోట పాట ఆపరు. ఆ విరామం మీద నేను నాలుగు పేజీలు రాశాను. దేవుని ఎదుట మాట ఓడిపోయే చోటు అన్నాను. పరాయి దేశంలో ఒంటరిగా నిలిచిన ఒక ఆత్మ ఊపిరి బిగపట్టిన చోటు అన్నాను. పుస్తకంలో నాకు ఎక్కువ ఇష్టమైన పేజీలు అవే.

పుస్తకం అచ్చయింది. చర్చి ఆవరణలో ఆమె పేర శిలాఫలకం వేయాలని సంఘం తీర్మానించింది. వచ్చే ఆదివారం ఆవిష్కరణ. ఫలకం ఆళ్లగడ్డలో తయారవుతోంది. దానిమీద చివరి పంక్తిలో, చరిత్రకారుడిగా, నా పేరు కూడా ఉంటుంది. వద్దని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు.

ఇక గురువారం. ఇంగ్లండులో ఒక గ్రంథాలయానికి ఏడాది కిందట నేను పంపిన అభ్యర్థనకు ఆ ఉదయం జవాబు వచ్చింది. ఇసబెల్లా చేతిరాత పుస్తకంలోని పదకొండు పేజీల చిత్రాలు. ఆలస్యానికి వారు క్షమాపణ కోరారు. ఏడో పేజీలో మా కీర్తన రాగం ఉంది, ఆమె సన్నని అక్షరాల్లో, 1843 ఆగస్టు తేదీతో. రాగం పైన ఇంగ్లీషులో రాసుకున్నదానికి ఇది నా తెలుగు:

"గోస్పాడు దారిలో జొన్నచేను. కలుపు తీసే ఆడవారు. ముసలామె పాడుతుంటే మిగిలినవారు అందుకున్నారు. గుర్రం దిగి మూడుసార్లు పాడించుకున్నాను. ఎంత అద్భుతమైన రాగం! మూడో పాదంలో ఆగడం ఎందుకో అర్థం కాలేదు, ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. ఆమె పేరు అడగలేదు."

అంచున, తరువాతెప్పుడో పెన్సిలుతో మరో వాక్యం: "రెండో ముద్రణలో ఆ స్త్రీ సంగతి చేర్చాలి."

ఆమె జీవితకాలంలో ఆ పాట నాలుగుసార్లు అచ్చయింది. నాలుగూ నా బీరువాలో ఉన్నాయి. లేచి తీసి చూశాను. చూడనవసరం లేదని తెలిసీ చూశాను. నాలుగింటి మీదా ఒకే పేరు.

తన పేరు దక్కించుకోవడానికి పదహారేళ్లు పోరాడిన మనిషి పేరు మొదటిసారి అచ్చయింది, తనది కాని పాట మీద.

అంతటితో ఆగి ఉంటే అది ఒక పండితుడి నిరాశ మాత్రమే అయ్యేది. కాని ఆ పేజీ ముందు కూర్చున్న నాకు మా అమ్మ చెయ్యి కనిపించింది.

మా అమ్మ దేవమ్మ గోస్పాడు చేలలో కూలికి వెళ్లేది. ఆదివారం చర్చిలో ఆడవారి వైపు ముందు వరుసలో కూర్చుని ఈ కీర్తన అందరికంటే గట్టిగా పాడేది. మూడో పాదం దగ్గర రాగం ఆగినప్పుడు ఆమె కుడిచెయ్యి మోకాలి మీద నుంచి లేచి పక్కకు విసురుగా కదిలేది. గొంతులో "ఉఁ" అని చిన్న శబ్దం వచ్చేది. మా ఈడు పిల్లలు నవ్వేవారు.

చేలలో ఆడవారు ఇదే రాగానికి వేరే మాటలు పాడతారని అందరికీ తెలుసు. అది మా కీర్తనను చెడగొట్టి పాడుకుంటున్న పాట అని అందరమూ నమ్మాం. దేవుని రాగానికి కలుపు మాటలు కట్టారని మేం గుడి అనే ఆ చర్చిలోనే పెద్దలు ఒకసారి మందలించారు. రాగం గుడి నుంచి చేనుకు వెళ్లిందే తప్ప, చేను నుంచి గుడికి వచ్చి ఉండవచ్చునని ఒక్కరికీ తోచలేదు. మా చేతిలో ఉన్నది అచ్చుపుస్తకం. అందులో దొరసాని పేరు ఉంది. ఆడవారి నోట ఉన్నదానికి ఏ పేరూ లేదు.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒక ఆదివారం ఇంటికి వచ్చాక అమ్మతో అన్నాను: "దొరసాని పాటను చేలల్లో పాడి పాడి చెడగొట్నావ్ మా. గుడిలో ఆ చెయ్యి ఊపొద్దు. నగుతాండారు."

అమ్మ పొయ్యిలో పుల్ల సర్దుతోంది. "అట్నా?" అంది. అంతే.

ఆ తరువాత ముప్పై ఏళ్లు, చనిపోయేదాకా, ఆమె చర్చిలో పాడలేదు. పెదవులు కదిపేది. నాకు ఆ సంగతి తెలుసు. నేను దాన్ని వినయం అనుకున్నాను.

శుక్రవారం గోస్పాడు వెళ్లాను. మా పెద్దమ్మ లూదియా, అమ్మకు అక్క, అక్కడే ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు. గడప దగ్గర కూర్చుని చేటలో కందిబేడలు ఏరుతోంది.

"ఎవురబ్బా? దేవసాయమా? దావ తప్పి వస్తివా నాయనా?"

"నిన్ను చూద్దామనే వస్తి పెద్దమ్మా."

"నన్ను చూసేకేముంది, నోట్లో పండ్లు గూడా ల్యాకపాయ. పనేందో చెప్పు."

నేను గడప మీద కూర్చున్నాను. "కలుపు తీసేటప్పుడు మీరు పాడే పాట ఉండ్లా, మా కీర్తన రాగంలో. అది ఒకసారి పాడు."

ఆమె చేట ఆపి నా వైపు చూసింది. "అది నువ్వు వద్దంటివి గదా."

"నీకెవరు చెప్పినారు?"

"మీయమ్మే. కలుపు కాడ పాటెత్తుకుంటే సాలు, ఒద్దక్కా, మా పిలగాడు సదువుకున్నోడు, పాట తప్పంటాండాడు అనేది. మేమంతా నగితిమి. యాభై ఎకరాల కలుపు పాటతోనే తీస్తిమి, తప్పెట్లయితాదే అంటిమి. ఆయమ్మ మాత్రం మల్ల నోరు తెర్సలా."

చేలో కూడా పాడలేదన్నమాట. అది నాకు తెలియదు.

"ఎవరు నేర్పినారు పెద్దమ్మా ఆ పాట?"

"మాయవ్వ."

"అవ్వ గుడిలో నేర్చుకున్నిందేమో?"

పెద్దమ్మ నవ్వింది. "మాయవ్వ గుడికి యాడ పాయ? మనోళ్లు దేవునిలోకి వచ్చింది మా నాయన కాలంలో గదా. అవ్వ సచ్చేదాకా సుంకులమ్మకే మొక్కె. ఆదివారం మేం గుడికి పోతాంటే, పోండి పోండి, నా పాట దొరలు నేర్సుకోని మీకు నేర్పిస్తాండారు అని ఎగతాళి జేసేది."

"ఆమె అట్లా అనిందా?"

"అనింది. ముసిల్ది వాగుతాందిలే అని మేం ఇడిసిపెట్టినాం."

ఆరేళ్ల పాండిత్యాన్ని ఒక గుక్కలో మింగుతూ అడిగాను: "మూడో పాదం కాడ పాట ఎందుకు ఆగుతాది?"

"ఎందుకేంది? అప్పటికి పిడికిలి నిండుతాది. కలుపు గట్టుమీదికి ఇసిరేయల్ల గదా. ఇసిరేటప్పుడు పాడితే ఊపిరి సాలదు. ఇసిరి, ఒక అడుగు జరిగి, మల్ల అందుకుంటాం." చేట పక్కన పెట్టి, కూర్చున్నచోటే ఒంగి పాడింది. దంతాలు లేని నోట మాటలు జారాయి గాని రాగం జారలేదు.

"లెయ్యవే లెయ్యవే జొన్నమొలకా,
నువ్వు లేసేదానికే నే వంగితీ..."

మూడో పాదం మధ్యలో కుడిచెయ్యి పక్కకు విసిరింది. గొంతులో "ఉఁ" అంది. అది మా అమ్మ చెయ్యి. ఆ విరామంలో దేవుడి ఎదుట ఓడిన మాటా లేదు, పరాయి దేశపు ఒంటరితనమూ లేదు. పిడికెడు గడ్డి ఉంది.

"దీని మీద నేను నాలుగు పేజీలు రాస్తి పెద్దమ్మా."

"ఇసిరేదాని మీదనా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నన్నడిగింటే ఒక్క మాటలో చెప్పుంటి గదరా."

బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. ఇసబెల్లా నన్ను మోసం చేసిందా? ఆమె అడగలేదు. నేనూ అడగలేదు. ఆమెకు ఆ ముసలామె ఒక్క మధ్యాహ్నం ఎదురైంది, మా అమ్మ నాకు నలభై ఏళ్లు ఎదురుగా ఉంది. అయినా నా కోపం తగ్గలేదు. న్యాయం కోసం నేను ఎవరి పక్షాన నిలిచానో ఆమే నన్ను మరొక పక్షాన నిలబెట్టింది. ఆమె పేరు పట్టుకుని నేను మా అమ్మను నోరు మూసుకోమన్నాను. మోసానికి మాట ఇవ్వనక్కరలేదు. అచ్చయిన ఒక పేరు చాలు, దాన్ని నమ్మినవాడు ఒకడు చాలు.

ఇంకొకటి కూడా ఆలోచించాను, దాన్ని దాచను. ఆ ఏడో పేజీ నంద్యాలలో నేను తప్ప ఎవరూ చూడలేదు. చూసే అవకాశమూ లేదు. ఫలకం వేయవచ్చు. పుస్తకం పంచవచ్చు. పెద్దమ్మ చెప్పేది ఎవరూ రాసుకోరు. నాకు అరవై నాలుగేళ్లు. మరో పుస్తకం రాయగలనన్న నమ్మకం లేదు.

శనివారం ఉదయం సంఘ కార్యదర్శి శాంసన్ కారులో ఆళ్లగడ్డ బయలుదేరాం. అతను నా పాత విద్యార్థి, మంచివాడు. ఈ ఫలకం కోసం మూడు నెలలు తిరిగాడు. దారిలో శిరివెళ్ల దాటాక కాగితం తీసి, ఏడో పేజీ చదివి వినిపించాను. అంచున ఉన్న వాక్యం ఒక్కటి చదవలేదు. ఎందుకు వదిలానో అప్పుడు నాకు తెలియలేదు.

శాంసన్ కారు వేగం తగ్గించాడు. తరువాత, "ఈ పేపరు ఇంకెవరన్నా చూసినారా సార్?" అన్నాడు.

"లేదు."

"అయితే ఈడ్నే ఉండనీండి" అన్నాడు.

శిల్పి చెన్నకేశవులు పని చేసే చోటు రోడ్డు పక్కనే ఉంది. సగం చెక్కిన నందులు, తల తేలని అమ్మవార్లు, ఎవరో నాయకుడి అరకొర విగ్రహం, అన్నిటి మీదా తెల్లని రాతిపొడి. మా ఫలకం రెండు దిమ్మెల మీద ఆనించి ఉంది. నల్లరాయి, నున్నగా, ముఖం కనిపించేలా. దానిమీద పసుపు రంగుతో అక్షరాలు కుంచెతో రాసి ఉన్నాయి. చెన్నకేశవులు యంత్రంతో కోయడు. ముందు రంగుతో రాస్తాడు, రాయించుకున్నవారితో చదివిస్తాడు, సరే అన్నాకే ఉలి పెడతాడు.

"రాండి సార్. వేలు పెట్టి ఒక్కొక్క అచ్చరం సదవండి" అన్నాడు. "సదువుకున్నోళ్లతోనే నాకు బయ్యం. రాయి మీద ఉండేది సదవరు, మనసులో ఉండేది సదువుతారు. ఉలి పడినాక మాత్రం ఆ దేవుడొచ్చినా నేను మార్చలేను. రాయికి రబ్బరు ల్యా."

వేలు పెట్టి చదివాను. పైన కీర్తన మొదటి పాదం. కింద "రాగకర్త: శ్రీమతి ఇసబెల్లా థార్న్". పుట్టిన ఏడు, పోయిన ఏడు. అన్నిటికంటే కింద, చిన్నగా, "చరిత్రకారుడు: డాక్టర్ కె. దేవసహాయం". నా వేలు నా పేరు మీద ఆగింది. రాతిలో నా ముఖం ఆ అక్షరాల వెనుక కనిపిస్తోంది.

"సరిగ్గా ఉందా సార్?"

"తప్పుంది" అన్నాను.

"యాడ?"

"రాగకర్త అన్నకాడ."

శాంసన్ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. "ఇనండి సార్. వచ్చే ఆదివారం పెద్దలంతా వస్తాండారు. వెయ్యి పుస్తకాలు కొట్టిచ్చినాం. దొరసాని వంశస్థులు ఇంగ్లండు నుంచి వీడియోలో మాట్లాడతామన్నారు. ఇప్పుడు పోయి, ఈ పాట ఆయమ్మది కాదు, ఎవరో పేరు తెలీని కూలామెది అంటే ఏమనుకుంటారు? పేరే లేని మనిషికి రాయి పెట్టి, దండ ఎవరికేస్తాం?"

"అబద్ధానికి వేస్తాండాం గదా ఇప్పుడు."

"అబద్ధం అంటాండారా! మీరే గద సార్ ఆరేండ్లు ఆయమ్మ గురించి చెప్తిరి. మీటింగుల్లో ఏడుస్తా చెప్తిరి. మేం నమ్మితిమి." అతని గొంతు మారింది. "ఇప్పుడు మమ్మల్ని నడిరోడ్డులో నిలబెట్టి మీరు పోతాండారు."

నేను ఇసబెల్లాతో అనాలనుకున్న మాటలే అతను నాతో అన్నాడు.

శాంసన్ కొంచెం మెత్తబడ్డాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "మిమ్మల్ని తప్పు పట్టడంలా సార్. మీరు కావాలంటే ఒక పని చేద్దాం. రాయి ఇట్లనే ఉండనీండి. ఆ ముసలామె సంగతి పుస్తకం రెండో ముద్రణలో చేరుద్దాం."

జేబులోని కాగితం తీసి, కారులో వదిలేసిన పెన్సిలు వాక్యం మీద వేలు పెట్టి, అతని చేతికిచ్చాను. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి పెదవులు కదిలాయి.

"మల్ల చేర్చిందా సార్?" అని అడిగాడు, చాలా చిన్నగా.

"నాలుగుసార్లు అచ్చయింది. చేర్చలా."

వెనక్కి వచ్చాను. కిరసనాయిలులో ముంచిన గుడ్డ దిమ్మె మీద ఉంది. తీసుకుని ముందు నా పేరు తుడిచాను. పసుపు రంగు అరచేతికి అంటింది. తరువాత "రాగకర్త" తుడిచాను. ఇసబెల్లా పేరు తుడవలేదు. ఆమె విన్నది, గుర్రం దిగింది, స్వరం తప్పకుండా రాసుకుంది. అది ఆమెదే, అంతవరకు ఆమెకు దక్కాలి.

"ఏంది సార్, రాయి కడుగుతాండారా, ఊరు కడుగుతాండారా?" అన్నాడు చెన్నకేశవులు, కుంచె చేతిలోకి తీసుకుంటూ. "చెప్పండి. ఏం రాయల్ల?"

చెప్పాను. ఉన్న పేరు చుట్టూ అతను రాశాడు.

"ఈ రాగం గోస్పాడు చేలలో కలుపు తీసిన స్త్రీలది. 1843లో ఇసబెల్లా థార్న్ విని రాసుకున్నది. పాడినామె పేరు అడగలేదు."

"అడగలేదు అనేది రాయల్నా సార్?" అన్నాడు శాంసన్. అది ప్రశ్నలా లేదు.

"రాయల్ల."

చెన్నకేశవులు కుంచె ఆపాడు. "సార్, అడగలేదంటాండారు. ఎవరడగలేదు? దొరసానా?"

కొంచెం ఆలోచించాను. "ఎవరమూ అడగలేదని రాయి" అన్నాను.

అతను "పేరు"కు, "అడగలేదు"కు మధ్య ఉన్న ఖాళీలో "ఎవరమూ" అన్న మాటను ఇరికించి రాశాడు. అది మిగతా అక్షరాలకంటే కొంచెం చిన్నదైంది. నేను మొదటి నుంచి వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం, రాయి మీద ఉన్నదే చదివాను.

"సరేనా?"

"సరే. కొట్టు" అన్నాను.

అతను ఉలిని ఆ చిన్న మాట మీదనే మొదట ఆనించాడు, సుత్తి ఎత్తాడు, కొట్టాడు.